శిక్ష పడనోళ్ళ సంగతి

ఆవిడ పోయిందన్న కబురు మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో ఒక్క వాక్యం పెట్టారు, మన సేఫ్టీ అడ్వైజర్ మేడం నిన్న బాచుపల్లిలో కన్నుమూశారట అని. వెంటనే తెరనిండా జోడించిన చేతుల బొమ్మలు. హెచ్ఆర్ పెద్దాయన బొమ్మతో సరిపెట్టుకోలేదు. మహిళల భద్రత పట్ల ఆవిడకున్న ప్యాషన్ మనందరికీ స్ఫూర్తి అని రాశాడు. రెండు నిమిషాలైనా గడవకముందే దాని కింద, బేస్‌మెంట్‌లో తెల్లకారు అడ్డంగా పెట్టినవాళ్ళు వచ్చి తీయాలని మరొకరి విన్నపం. అక్కడితో సంతాపం ముగిసి, జనం కారు వెతకడంలో పడ్డారు.

ఆవిడకు ప్యాషన్ ఏమీ లేదు. విసుగు ఉండేది. ముప్పై ఏళ్ళ ఉద్యోగం మిగిల్చిన విసుగు. దాన్ని కత్తిపీటలా పదునుగా ఉంచుకుని, అవసరమైన చోట వాడేది. ఎక్కువసార్లు వాడింది ఆ పెద్దాయన మీదే. ఆయనకు తెగిన సంగతి కూడా తెలిసినట్టు లేదు.

పేరు రాయను. తన దగ్గరికొచ్చిన ఎవరి పేరూ బయట పలకని మనిషి పేరును నేను అచ్చులో పెట్టడం బాగుండదు.

ఆవిడ ప్రొబేషన్ ఆఫీసరుగా చేసి రిటైరైంది. జైలు నుంచి బయటికొచ్చిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం, వాళ్ళెలా బతుకుతున్నారో చూసి రాయడం ఆ ఉద్యోగం. ఆడవాళ్ళ మీద అఘాయిత్యం చేసి శిక్షపడ్డ వాళ్ళ కాగితాలన్నీ ఆవిడ బల్ల మీదికే చేరేవట. ఆ ఇళ్ళకు పోతే చాయ్ కూడా పొయ్యరు, అందుకే మగ ఆఫీసర్లు నా మీదికి తోసిండ్రు అని చెప్పేది.

నానక్‌రామ్‌గూడలో ఉన్న మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను అప్పట్లో అడ్మిన్ మేనేజర్‌ని. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, తోటపని, డ్రైవర్లు, ఇలా కాంట్రాక్టు మీద వచ్చే వాళ్ళందరి పూర్వాపరాలూ సరిచూసుకోవాల్సింది నేను. పక్క టవర్‌లో ఏదో గొడవై పేపర్లకెక్కాక, మా వాళ్ళకు అర్జెంటుగా భద్రత మీద ప్రేమ పుట్టి, ఆవిడను సలహాదారుగా పిలిచారు. వారానికి రెండు రోజులు. కారు పంపుతామంటే వద్దంది. షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని వచ్చి, గేటు ముందు దిగి, కుచ్చిళ్ళు దులుపుకుని, ముందు గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ళతో, తర్వాత లిఫ్టు దగ్గర తుడిచే ఆడవాళ్ళతో మాట్లాడి, అప్పుడు పైకి వచ్చేది. ఆ పది నిమిషాల్లో ఆవిడకు తెలిసే సంగతులు మాకు ఏడాదికొకసారి చేసే సర్వేలో కూడా తెలిసేవి కావు.

ఎవరైనా స్లైడ్లు వేసి మాట్లాడుతుంటే కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చునేది. మాటలు అయిపోయాక పెట్టుకునేది. ఆ అద్దాల మీద ఒక్కనాడూ దుమ్ము చూడలేదు నేను.

మొదటి వారంలోనే అందరూ అడిగే ప్రశ్న నేనూ అడిగాను. "ఇలాంటివాళ్ళు మారతారా అండీ?"

"మారుడు నాకు కనబడదు బిడ్డా," అంది. "ఏడ ఉంటుండు, ఎవలతోని ఉంటుండు, పొద్దంత ఏం జేస్తుండు, గది కనబడతది. మొదటి రెండు మూడేండ్లు కండ్లల్ల వత్తులేస్కొని చూడాలె. పనీ ఇల్లూ కుదిరినోళ్ళల్ల శానమంది మళ్ళ ఆ జోలికి పోలే. పదేండ్లు దాటితే ఇంకా తక్కువ. కొందరుంటరు, జుట్టు తెల్లబడ్డా నమ్మొద్దు. ఎవడు ఎట్లాంటోడో మొఖం మీద రాసి ఉండదు గద. అందుకే పోవుడు."

పోవుడు అంటే ఇళ్ళకు పోవడం. రిటైరయ్యాక కూడా పోతూనే ఉంది. జీతం లేదు, అడిగేవాళ్ళు లేరు. బస్సెక్కి వెళ్ళి, గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడిగేది. దాహమై కాదు. ఆ నీళ్ళు ఎవరు తెస్తారో చూడటానికి. భార్య తెచ్చి, అక్కడే కూర్చుని తన బాధలు చెప్పుకుంటే ఆ ఇంటికి ఒక అర్థం. గడప దాటకుండా గ్లాసు అందించి మాయమైతే ఇంకో అర్థం. ఇంట్లో ఎవరూ లేరమ్మా అని ఆయనే లేచి తెచ్చినప్పుడు వెనక గదిలో గాజులు చప్పుడైతే, మర్నాడే మళ్ళీ వెళ్ళేది.

ఈ నీళ్ళ సంగతి ఊరికే అలవాటు కాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మనిషి ఆవిడకు బాగా నచ్చాడట. జైల్లో కుట్టుపని నేర్చుకున్నాడు. మెత్తగా మాట్లాడతాడు. చేసిన తప్పు తలుచుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. పశ్చాత్తాపం పూర్తిగా కనిపిస్తున్నదని ఈవిడ రిపోర్టు రాసింది. బయటికొచ్చిన రెండో ఏడు పక్కింటి కోడలి మీద చెయ్యి వేశాడు. సంగతి తెలిసి ఈవిడ ఆ ఇంటికి వెళితే అత్త లోపలికి రానివ్వలేదు. కోడలే బయటికొచ్చి, మంచోడని మీరే రాసిచ్చిండ్రంట గద మేడం అని ఒక్క మాట అడిగిందట. ఈ కథను ప్రతి ట్రైనింగులోనూ, తన తప్పును ఏమీ తగ్గించకుండా చెప్పేది. వింటున్నవాళ్ళ మూడ్ పాడవుతోందని, కాస్త పాజిటివ్‌గా ఉండే ఉదాహరణ చూడమని మా హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది.

మా కంపెనీలో ఏడాదికొకసారి కుర్రాళ్ళంతా జట్లు కట్టి రెండు రోజుల్లో ఏదో ఒక యాప్ తయారుచేసే పోటీ ఉండేది. పిజ్జాలు, రంగు చొక్కాలు, డప్పులు. ఆ ఏడు అంశం మహిళా భద్రత కాబట్టి ఆవిడను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. గెలుస్తుందనుకున్న జట్టు తెరమీద హైదరాబాద్ మ్యాపు వేసింది. శిక్షపడి బయటికొచ్చిన వాళ్ళ ఇళ్ళ మీద ఎర్ర చుక్కలు పడతాయి. ఫలానా వీధిలో నడిస్తే ఎంత ప్రమాదమో ఫోనే చెబుతుంది. అవి ఉత్తుత్తి చుక్కలే, చూపించడానికి పెట్టుకున్నవి. అయినా హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

ఆవిడ అద్దాలు పెట్టుకుని మ్యాపుకు దగ్గరగా నడిచింది. మా టవర్ ఎక్కడుందో చూపించమంది. చూపించారు.

"దీని మీద చుక్క లేదేంది?"

ఇక్కడ శిక్షపడినవాళ్ళు ఎవరూ లేరు మేడం అన్నాడు జట్టు నాయకుడు నవ్వుతూ.

"శిక్ష పడనోళ్ళ సంగతి అడుగుతున్న."

హాల్లో కొందరు ఆడపిల్లలు తలలు వంచుకున్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు, ఆ నవ్వు సంతోషంతో వచ్చింది కాదు. తర్వాత ఎవరో, ఇంతకీ ఇలాంటివాళ్ళలో ఎంత శాతం మళ్ళీ చేస్తారో ఒక నంబర్ చెప్పండి మేడం, స్లైడ్‌లో పెట్టుకుంటాం అన్నారు. పట్టుబడినోళ్ళనే లెక్కపెట్టి గది శాతమంటరు, నాకు తెల్వది అని కూర్చుంది. ఆ జట్టుకే మొదటి బహుమతి వచ్చింది. ఆవిడ ఇచ్చిన మార్కులు ఏమయ్యాయో నేను అడగలేదు.

మా టవర్ మీద పడాల్సిన చుక్క ఎవరిదో అందరికీ తెలుసు. ఆయన డెలివరీ హెడ్. మూడు వందల మంది ఆయన కింద పనిచేస్తారు. ఐదారేళ్ళలో ఆయన మీద మూడు ఫిర్యాదులు వచ్చాయి, ముగ్గురు వేరు వేరు అమ్మాయిలవి. మొదటిది అపార్థం అని తేలింది. రెండో అమ్మాయి ఫిర్యాదు వెనక్కి తీసుకుని ఉద్యోగం మానేసింది. మూడో అమ్మాయిని వేరే ఊరికి బదిలీ చేశారు, ఆమె మంచికే. ఆ మూడోది విన్న అంతర్గత కమిటీలో నేనొక సభ్యురాలిని. ఆ అమ్మాయి చెబుతున్నంతసేపూ నమ్మాను. సంతకం మాత్రం మిగతావాళ్ళు పెట్టిన చోటే పెట్టాను. ఈయనే మా కంపెనీ భద్రతా సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆవిడను సలహాదారుగా ఎంపిక చేసినవాళ్ళలో ఆయనొకడు.

అలా ఉండగా కాంట్రాక్టు వాళ్ళందరికీ కొత్తగా పోలీసు వెరిఫికేషన్ చేయించాం. తోటమాలి కాగితం తిరిగొచ్చింది. యాభై దాటిన మనిషి. మెదక్ వైపు నుంచి వచ్చాడు. తలెత్తి మాట్లాడడు. వయసులో ఉన్నప్పుడు తను పనిచేసే చోటే ఒక ఆడమనిషిని చెరిచాడు. శిక్షపడింది, ఏడేళ్ళు అనుభవించాడు. బయటికొచ్చి పద్దెనిమిదేళ్ళు. మధ్యలో ఇంకే కేసూ లేదు.

గంటలో మీటింగు పెట్టారు. డెలివరీ హెడ్ మొహంలో నిజమైన ఆవేదన కనిపించింది. మన ఆడపిల్లలు తిరిగే ఆవరణలో ఇలాంటివాడా, ఇది మన విలువలకే మచ్చ అన్నాడు. సాయంత్రంలోగా వాడు గేటు బయట ఉండాలన్నాడు. హెచ్ఆర్ పెద్దాయన రాసుకున్నాడు. ఈ మనిషి సంగతి మీకు ముందే తెలుసా అని ఆవిడను అడిగాడు.

"తెలుసు. ఆయన బయటికొచ్చిన దినం నుంచి తెలుసు."

దాచారన్నమాట అన్నాడాయన.

"దాచలే, చూసిన. పగటిపూటనే, బయటి లాన్ల, ఇంకో మనిషి జతతోని పని ఇయ్యమని కాంట్రాక్టరుకు చెప్పింది నేనే. నేను చూసుకుంట ఉన్న. మీరే చూడలే."

అప్పుడు డెలివరీ హెడ్ వైపు తిరిగి, గొంతు పెంచకుండా అడిగింది. "ఆయన ఏం జేసిండో కోర్టుల రాసుంది సార్. దానికి జైల్ల పడ్డడు. పద్దెనిమిదేండ్లాయె, ఎవలో ఒకలు చూస్తనే ఉన్నరు. ఎవలూ చూడని మనిషంటే మీకు భయం లేదా?"

ఆయన చిరునవ్వు నవ్వి, మేడం ఈరోజు కొంచెం ఎమోషనల్‌గా ఉన్నారు అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను నీళ్ళ సీసా మూత బిగిస్తూ కూర్చున్నాను. అప్పటికే బిగిసి ఉన్న మూత. సాయంత్రం నాలుగింటికి తోటమాలిని తీసేసే కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఇద్దరు గార్డులు అతన్ని గేటు దాకా నడిపించారు. విలువలకు పట్టిన మచ్చ వదిలిందని ఆరోజే అందరికీ మెయిల్ వెళ్ళింది, మరీ ఆ మాటల్లో కాకపోయినా.

మర్నాడు ఆవిడ నన్ను తోటమాలి ఇంటికి రమ్మంది. ఎందుకండీ అన్నాను. సంతకం పెట్టినవు గద, ఎవలికి పెట్టినవో చూడు అంది. మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్ వెనక సందులోనే అతను కిరాయికి ఉంటున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆటోలో కూర్చున్నాక ఒక సంగతి చెప్పింది. కొన్నేళ్ళ క్రితం అతను, తాను పాడుచేసిన ఆ ఆడమనిషి దగ్గరికి వెళ్ళి క్షమించమన్నానని చెప్పమ్మా అని ఈవిడను బతిమాలాడట. నీ మనసు తేలికయ్యేటందుకు ఆమెనెందుకు మొయ్యమంటవ్, నోరు మూసుకొని చెట్లకు నీళ్ళు పెట్టు అని కసిరిందట. ఆ మనిషి ఎక్కడుందో, ఎలా ఉందో కూడా ఈవిడకు తెలుసు. అటు వెళ్ళినప్పుడు ఇటు సంగతి ఒక్క ముక్క కూడా పలికేది కాదు.

అతని ఇల్లు ఒకే గది. భార్య స్టీలు గ్లాసులతో నీళ్ళిచ్చి, గడప మీద కూర్చుని, పని ఎట్లమ్మా ఇగ అని గట్టిగానే అడిగింది. అతను గోడవారగా నిలబడ్డాడు. ఆవిడ ఓదార్చలేదు. పనిలేదని ఇంట్లో పడుకోవద్దని, మందు ముట్టినట్టు తెలిస్తే పోలీసులకు తానే చెబుతానని, మళ్ళీ వస్తానని చెప్పింది. కాయిదం మీద దస్తకత్ ఎవలదమ్మా అని అడిగాడు అతను. ఈమెదే అని నన్ను చూపించింది. అతను నన్ను చూసి తలూపాడు. కోపగించుకుంటాడేమోనని సిద్ధపడి వెళ్ళాను నేను.

తిరిగొస్తూ అంది. "మీరు పని ఊడగొట్టి చేతులు దులుపుకున్నరు. ఆయన మళ్ళ మొదటేడుకు వచ్చిండు. ఆయనతోని నేను గూడ."

నెల తిరక్కుండా బాచుపల్లి దగ్గర ఒక నర్సరీ యజమానికి ఉన్నదున్నట్టు చెప్పి అతన్ని పనికి కుదిర్చింది. మా కంపెనీకి ఒక్క వాక్యంలో రాజీనామా రాసిచ్చింది. సేఫ్టీ ఛాంపియన్ అని చెక్కిన గాజు జ్ఞాపికను వీడ్కోలు సభలో ఆవిడకు అందించింది, చెప్పక్కర్లేదు, డెలివరీ హెడ్డే. కింద గేటు దగ్గర గార్డు టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని పెట్టేసి ఆటో ఎక్కింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు హౌస్‌కీపింగ్‌లో పనిచేసే అమ్మాయి నా గదికి వచ్చింది. వికారాబాద్ దిక్కు పిల్ల, పెళ్ళై రెండేళ్ళు. పన్నెండో అంతస్తులో మీటింగ్ గది తుడుస్తుంటే డెలివరీ హెడ్ వచ్చి తలుపు వేశాడు. తోసుకుని బయటపడింది. చేతి మీద కమిలిన గుర్తులు చూపించింది. ఇంట్ల చెప్తె పని మాన్పిస్తరు మేడం, నాకు పని గావాలె అంది.

ముందు నాకు భయమేసింది. తర్వాత ఆవిడకు ఫోన్ చేశాను. మాట్లాడింది తక్కువ.

"పిల్లను కూసోవెట్టు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయి, నీ ఇంగ్లీషు పెట్టకు. నీకెట్ల తోస్తె అట్ల గాదు, ఆమె ఏం గావాలంటదో అడుగు. నేనొస్తున్న."

అడిగాను. పోలీసుల దగ్గరికి పోదామంది ఆ పిల్ల, నాకంటే ధైర్యంగా. స్టేషన్‌లో బెంచీ మీద మేం ముగ్గురం మూడు గంటలు కూర్చున్నాం. ఆవిడ మధ్యలో రెండుసార్లు లేచి, ఎందుకాలస్యమని అడిగొచ్చింది. పాత మూడు ఫిర్యాదుల సంగతి, నా సంతకంతో సహా, నేను రాసిచ్చాను. రహస్యం బయటపెట్టానని మా కంపెనీ నన్ను సంజాయిషీ అడిగింది. ఇచ్చి, మానేశాను.

ఎలా ముగిసిందంటారా? ముగియలేదు. కేసు వాయిదాల్లో నడుస్తోంది. ఆ పిల్ల ఇంకో చోట పనిచేస్తూ ప్రతి వాయిదాకూ వస్తోంది. ఆయన వ్యక్తిగత కారణాలతో రాజీనామా చేశాడు. కేకు కోశారు. ఇప్పుడు రెండు టవర్ల అవతల ఇంకా పెద్ద హోదాలో ఉన్నాడు. చేర్చుకునే ముందు వాళ్ళు మా కంపెనీని అడిగితే, రికార్డు శుభ్రంగా ఉందని మా వాళ్ళు రాసిచ్చారు. అబద్ధం కాదు. శుభ్రం చేసింది వాళ్ళే. ఆయన ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన ఎక్కడుంటాడో, పొద్దంతా ఏం చేస్తాడో ఎవరి పనీ కాదు.

కబురు చూసిన రోజే బాచుపల్లి వెళ్ళాను. ఆవిడ చెల్లెలి ఇంట్లో ఉండేది. అప్పటికే అన్నీ అయిపోయాయి. షామియానా విప్పుతున్నారు. మా కంపెనీ నుంచి ఎవరూ రాలేదు, పూలదండ ఒకటి యాప్‌లో ఆర్డరు పెడితే ఆలస్యంగా వచ్చి గేటుకు తగిలించి ఉంది. రోడ్డుకు అవతల, చెప్పుల దగ్గర కూడా కాదు, ఇంకా దూరంగా తోటమాలి నిలబడి ఉన్నాడు. గోళ్ళలో నర్సరీ మట్టి. లోపలికి రాలేదా అని అడిగాను. ఆడవాళ్ళున్నరు మేడం, ఈడనే మంచిగున్నది అన్నాడు.

ఈ ఏడాది ఆవిడకు కాళ్ళు సహకరించక బస్సెక్కలేకపోయిందట. తానే రెండుసార్లు వచ్చి కనిపించి వెళ్ళాడట. షామియానా గుడ్డ మడతపెడుతున్న వాళ్ళనే చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"ఇగ నన్ను చూడనీకి ఎవలొస్తరు మేడం?"

అతను చేసింది నేను మరిచిపోలేదు. మరిచిపోయి రావాలని అతనూ అడగడం లేదు. నేను వస్తాను, వచ్చే ఆదివారం అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పుడొస్తరో చెప్పకుండ్రి. చెప్పి వస్తె అది చూసినట్టు కాదనేది అమ్మ."